ఇంజిన్ అరుస్తుంది, బండి కదలదు: పాత ఆటోమేటిక్‌లో ముందు ఏం చూడాలి?

పదిహేనేళ్లు దాటిన ఆటోమేటిక్ కారు పొద్దున్నే డీలో పెడితే రెండు మూడు సెకన్లు ఆగి గానీ కదలడం లేదంటే, మెకానిక్ నోట వచ్చే మొదటి మాట "గేర్‌బాక్స్ పోయింది సార్". చెన్నైలో నాకూ అదే చెప్పారు. తీరా చూస్తే గేర్‌బాక్స్ ఆయిల్‌ను చల్లార్చే కూలర్‌కు వెళ్లే రబ్బరు పైపు దగ్గర ఆయిల్ కారుతోంది. పైపు, క్లిప్పులు మార్చి, తగ్గిన ఆయిల్ పోయగానే బండి దారిలో పడింది.

ఇక్కడ చెప్పేది టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం) ఉన్న పాత బండ్ల గురించే. మాన్యువల్ గేర్‌బాక్స్‌కే క్లచ్, గేర్లు వాటంతటవే పడే ఏర్పాటు తగిలించిన ఏఎమ్‌టీల జబ్బులు వేరు.

సమస్య: గేర్ ఆలస్యంగా పడుతోంది, ఆర్‌పీఎం లేచినా స్పీడు రావడం లేదు

ముందు గేర్‌బాక్స్ ఆయిల్. చాలా బండ్లలో ఇంజిన్ వేడెక్కాక, ఆన్‌లోనే ఉంచి, బ్రేక్ తొక్కి లీవర్‌ను అన్ని గేర్లలోకీ ఒకసారి తిప్పి, పీలో పెట్టి డిప్‌స్టిక్ చూడాలి. కొన్ని కంపెనీలు ఇంజిన్ ఆపాక చూడమంటాయి, కాబట్టి మాన్యువల్ తీయండి. డిప్‌స్టిక్కే లేకపోతే షెడ్‌లో లిఫ్ట్ ఎక్కించాల్సిందే.

రెండు చుక్కలు తెల్ల కాగితం మీద వేయండి. ఎర్రగా, తేటగా ఉంటే లెవెల్ సరిచేసి లీక్ వెతకండి. నల్లబడి మాడు వాసన వస్తే లోపల క్లచ్ ప్లేట్లు కాలుతున్నట్టే. అలాంటప్పుడు కొత్త ఆయిల్ పోసినా అరిగిన ప్లేటు తిరిగి రాదు. "ఆయిల్ మార్చాకే పాడైంది" అని తిట్టుకునేవాళ్లలో చాలామంది బండ్లు అప్పటికే ఆ దశలో ఉంటాయి.

రోజ్‌మిల్క్ రంగులో ఉందా? అయితే నీళ్లో, కూలెంటో కలిసింది. రేడియేటర్‌లోనే కూలర్ ఉన్న బండ్లలో అది లోపల చిల్లుపడితే ఇలా అవుతుంది. రెండో దారి వరద నీళ్లు. 2015 డిసెంబరులోనూ, 2023లో మిచాంగ్ తుపానప్పుడూ వేళచ్చేరి వైపు కార్లు మునిగాయి. అలా మునిగినప్పుడు గేర్‌బాక్స్ గాలి గొట్టం గుండా నీళ్లు లోపలికి వెళ్తాయి. క్లచ్ ప్లేట్ల లైనింగ్‌ను పట్టి ఉంచే జిగురును నీళ్లు వదులు చేస్తాయి. అందుకే మునిగిన బండిని స్టార్ట్ చేయకుండా ముందు ఆయిల్ తీయించాలి. ఒకసారి డ్రెయిన్ చేస్తే కన్వర్టర్‌లో ఉన్నది రాదు, రెండు మూడుసార్లు మార్చాలి. అప్పటికే కొన్నాళ్లు నడిపేసి ఉంటే మాత్రం ఓవర్‌హాల్‌కు సిద్ధపడండి.

సమస్య: ఒకే స్పీడులో వెళ్తుంటే గతుకుల రోడ్డు మీద ఉన్నట్టు వణుకు

ఇది ఎక్కువగా కన్వర్టర్ లాకప్ (స్థిరమైన స్పీడులో ఇంజిన్‌నూ గేర్‌బాక్స్‌నూ నేరుగా కలిపే క్లచ్) పట్టు జారడం వల్లే. సరైన గ్రేడు ఆయిల్‌తో మార్చి చూడండి, తర్వాత లాకప్‌ను నడిపే సోలెనాయిడ్ (కరెంటుతో పనిచేసే వాల్వు), చివరికి కన్వర్టర్.

సమస్య: ఒకే గేరులో ఇరుక్కుపోయింది

కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే స్కానర్ పెట్టించండి. పీ0700 అంటే గేర్‌బాక్స్ కంప్యూటర్ ఏదో లోపాన్ని పట్టుకుందని మాత్రమే, అసలు సంగతి దాని పక్కనుండే కోడ్‌లో ఉంటుంది. పీ0720 అయితే అవుట్‌పుట్ స్పీడ్ సెన్సర్ లైను. బ్యాటరీ, ఎర్త్ వైరు, కనెక్టర్లలో తుప్పు, ఎలుకలు కొరికిన వైర్లు చూడకుండా గేర్‌బాక్స్ జోలికి పోవద్దు.

సమస్య: రివర్సే లేదు, సంప్‌లో లోహపు ముక్కలు

సంప్ (గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) అయస్కాంతం మీద సన్నటి బూడిద పేరుకోవడం మామూలే. ముక్కలు దొరికితే మాత్రం గేర్‌బాక్స్ దించక తప్పదు. షెడ్‌కు తాడు కట్టి లాగించకండి. గేర్‌బాక్స్‌లో ఆయిల్ పంపును తిప్పేది ఇంజిన్, అది ఆగి ఉంటే లోపలి భాగాలకు ఆయిల్ అందదు. ఫ్లాట్‌బెడ్ మీద పంపండి.

సెకండ్ హ్యాండ్ గేర్‌బాక్స్‌కు చెన్నైలో పాత కారు విడిభాగాలు దొరికే పుదుపేట వెళ్తాం. కేసింగ్ మీద నంబరు, కనెక్టర్ పిన్నులు మీ పాతదానితో కలవాలి, మోడల్ పేరు ఒకటైతే చాలదు. కొత్త సీళ్లు, ఫిల్టరు చెన్నైలోనే స్పేర్ పార్టుల షాపులున్న జీపీ రోడ్డులో చూడొచ్చు.

బిగించేటప్పుడు మెకానిక్ పక్కనే నిలబడండి. పాత చెత్త నిండిన కూలర్‌ను, పైపులను కడగాలి, లేదా కూలరే మార్చాలి. ఇక కన్వర్టర్ పంపులోకి పూర్తిగా దిగాలి. దిగితే గేర్‌బాక్స్ చేతి బలంతోనే ఇంజిన్‌కు ఆనుకుంటుంది, కన్వర్టర్‌కూ ఫ్లెక్స్ ప్లేటుకూ (ఇంజిన్ వెనుక కన్వర్టర్‌ను బిగించే పలుచటి చక్రం) మధ్య కొద్దిగా సందు ఉంటుంది. అలా ఆనకపోతే "బోల్టులు బిగిస్తే అదే వస్తుందన్నా" అంటారు. ఒప్పుకోవద్దు, పంపు పగులుతుంది.