కూరగాయల పోషకాలు లెక్కగట్టడం – 3వ పాఠం: క్యారెట్‌లో విటమిన్ ఎ ఎంత?

పోయిన పాఠంలో పోషకాల పట్టికను చదవడం నేర్చుకున్నాం. అందులోని అంకెలు 100 గ్రాములకు ఇస్తారనీ, అది కూడా తొక్కా తొడిమా తీసేశాక మిగిలిన తినే భాగానికనీ గుర్తుంది కదా. ఇవాళ ఇంకో మెట్టు ఎక్కుదాం. పట్టికలో కనిపించే అంకె వేరు, ఒంటికి పట్టేది వేరు. ఆ తేడాను లెక్కగట్టడమే ఈ పాఠం. అది నేర్పడానికి క్యారెట్‌ను మించిన కూరగాయ నాకు కనబడలేదు.

ముందు పట్టిక చూద్దాం. 100 గ్రాముల పచ్చి క్యారెట్‌లో 88 గ్రాముల దాకా నీళ్లే. శక్తి 41 కిలోకేలరీలు. పిండిపదార్థాలు 9.6 గ్రాములు, అందులో చక్కెరలు 4.7, పీచు 2.8. పొటాషియం 320 మిల్లీగ్రాములు. ప్రోటీన్ ఒక గ్రాము కూడా ఉండదు, విటమిన్ సి ఆరు మిల్లీగ్రాములు దాటదు. ఆ రెండింటి కోసమైతే వేరే కూరగాయ చూసుకోవాలి.

క్యారెట్ తియ్యగా ఉంటుంది కాబట్టి షుగర్ పెరుగుతుందని టెన్షన్ పడేవాళ్లు ఆ 4.7 దగ్గర కాస్త ఆగి చూడండి. 100 గ్రాములు తింటే లోపలికి వెళ్లేది సుమారు ఒక చిన్న చెంచాడు చక్కెర, అదీ పీచుతో కలిసి. జ్యూస్ తీసి వడకడితే మాత్రం లెక్క మారుతుంది. పీచు చాలావరకు పిప్పిలోనే పోతుంది. గ్లాసు నిండాలంటే ఒక్క క్యారెట్ సరిపోదు కాబట్టి చక్కెర కూడా ఆ మేరకు పెరుగుతుంది. నమిలి తినగలిగినవాళ్లు నమిలే తినాలని నా గట్టి అభిప్రాయం.

ఇక అసలు లెక్క. క్యారెట్‌లో విటమిన్ ఎ నేరుగా ఉండదు. ఉండేది కెరోటిన్ (ముఖ్యంగా బీటా, ఆల్ఫా అనే రెండు రకాలు), క్యారెట్‌కు ఆ నారింజ రంగు ఇచ్చే పదార్థం. పేగు గోడలో ఉండే ఒక ఎంజైమ్ దాన్ని విరిస్తే విటమిన్ ఎ తయారవుతుంది. తిన్నదంతా పేగు పీల్చుకోదు, పీల్చుకున్నదంతా విటమిన్‌గా మారదు. అందుకే పోషకాహార నిపుణులు ఒక సగటు పెట్టుకున్నారు: ఆహారంలోని 12 మైక్రోగ్రాముల బీటా కెరోటిన్ 1 మైక్రోగ్రాము విటమిన్ ఎ‌తో సమానం. ఆల్ఫా కెరోటిన్ అయితే 24 మైక్రోగ్రాములు కావాలి.

కాగితం తీసుకోండి. 100 గ్రాముల పచ్చి క్యారెట్‌లో బీటా కెరోటిన్ సుమారు 8,285 మైక్రోగ్రాములు. 12తో భాగిస్తే 690. ఆల్ఫా కెరోటిన్ 3,477. 24తో భాగిస్తే 145. రెండూ కలిపితే 835 మైక్రోగ్రాములు. రోజుకు ఎంత కావాలన్నది దేశాన్ని బట్టి కొంత మారుతుంది. అమెరికా ప్రమాణం ప్రకారం పెద్దవాళ్లలో మగవారికి 900, ఆడవారికి 700. అంటే ఆ 100 గ్రాములతోనే ఒక రోజు అవసరం దాదాపు తీరుతుంది. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. పట్టికలో బీటా కెరోటిన్ అంకె చూసి, విటమిన్ ఎ ఎనిమిది వేలు ఉందనుకుంటారు. భాగించకుండా ఆ అంకెను వాడకండి.

12 అన్నది సగటే కాబట్టి అది కొంత మన చేతిలోనూ ఉంది. క్యారెట్‌లో కెరోటిన్ గట్టి కణాల గోడల వెనక ఉంటుంది, తాళం వేసిన బీరువాలో డబ్బులాగా. పచ్చి ముక్కను పైపైన నమిలి మింగితే చాలా కణాలు విచ్చుకోకుండానే బయటికి పోతాయి. సన్నగా తురిమినా, మెత్తగా ఉడికించినా గోడలు తెరుచుకుంటాయి. తెరుచుకుంటే సరిపోదు. కెరోటిన్ నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. ఆ పూట భోజనంలో కాస్త నూనె ఉంటేనే పైత్యరసం సాయంతో అది పేగులోకి చేరుతుంది. అలాగని నూనెలో ముంచి తీయనక్కర్లేదు. మూడు నుంచి ఐదు గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు చాలు. పొటాషియం, విటమిన్ సి మాత్రం ఉడికించిన నీళ్లలోకి దిగిపోతాయి. అందుకని నీళ్లు తక్కువ పోసి, మూత పెట్టి ఉడికించి, ఆ నీళ్లను కూరలోనే ఉంచేయండి.

కంటి సంగతి కూడా చెప్పుకోవాలి. మసక వెలుగులో చూడటానికి రెటీనాలో రొడాప్సిన్ అనే పదార్థం కావాలి, అది తయారవడానికి విటమిన్ ఎ కావాలి. లోపం ఉంటే రేచీకటి వస్తుంది, విటమిన్ అందితే తగ్గుతుంది. లోపం లేనివాళ్లు ఎన్ని క్యారెట్లు తిన్నా కళ్లజోడు నంబరు తగ్గదు. రెండో ప్రపంచ యుద్ధంలో తమ పైలట్ల రాత్రి చూపు క్యారెట్ల చలవేనని బ్రిటన్‌లో ప్రచారం సాగింది; నిజానికి ఆ విమానాల్లో రాడార్ ఉంది.

మరి ఎక్కువ తింటే? కొన్ని వారాలపాటు రోజూ బాగా ఎక్కువగా తింటే అరచేతులు, అరికాళ్లు పసుపు రంగుకు తిరుగుతాయి. కామెర్లలో కంటి తెల్లగుడ్డు కూడా పచ్చబడుతుంది, ఇందులో పచ్చబడదు. తగ్గిస్తే రంగు మెల్లగా పోతుంది. ఒంట్లో విటమిన్ ఎ చాలినంత ఉంటే కెరోటిన్‌ను మార్చడం శరీరమే తగ్గించుకుంటుంది కాబట్టి క్యారెట్ వల్ల ఆ విటమిన్ విషంగా మారదు.

మాత్రల కథ వేరు. 1994లో వెలువడిన ఫిన్లండ్ పరిశోధనలో పొగతాగే మగవాళ్లు 29 వేలమందికి పైగా పాల్గొన్నారు. రోజూ 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ మాత్ర వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా కనిపించింది. అంత బీటా కెరోటిన్ 240 గ్రాముల క్యారెట్‌లోనూ ఉందే, మరి తేడా ఎక్కడ? మళ్లీ మన లెక్కకే రండి. నూనెలో కరిగించి ఇచ్చే కెరోటిన్‌కు 12తో కాదు, 2తో భాగించాలి. క్యారెట్ నుంచి వచ్చేదానికి ఆరు రెట్లు ఒంట్లోకి పోతుందన్నమాట. పొగతాగేవాళ్లు ఈ మాత్రల జోలికి వెళ్లకూడదు.

ఇప్పుడు మీ వంతు. ఒక క్యారెట్ శుభ్రం చేసి తూకం వేయండి. దాని బరువుకు రెండు రకాల కెరోటిన్ ఎంతో కట్టి, విటమిన్ ఎ తేల్చండి. 60 గ్రాములుంటే జవాబు 501 దగ్గర రావాలి. తర్వాత మీరు ఈ వారం క్యారెట్ తిన్న ప్రతి పూటా, ముక్క ఎంత మెత్తబడిందో, ఆ భోజనంలో నూనె ఉందో లేదో పక్కన రాసుకోండి. నాలుగో పాఠంలో పాలకూరలోని ఇనుమును ఇలాగే లెక్కగడతాం, పట్టిక దగ్గర పెట్టుకోండి.