చెరువు తెగిందన్న వీడియో వస్తే ముందు ఇది చూడండి

వాన గట్టిగా పడితే చాలు, మా వరంగల్ గ్రూపుల్లో భద్రకాళి చెరువు కట్ట తెగిందని వీడియో తిరుగుతుంది. 2023 జులైలో నిజంగానే కట్టకు గండి పడింది కాబట్టి అందరూ నమ్మేస్తారు. వీడియో అబద్ధం కాకపోవచ్చు, కానీ పాతదైతే? పోయిన వానాకాలం అది చూసి పోతననగర్ దగ్గర ఉండే మా పెద్దమ్మ రాత్రంతా టెన్షన్‌తో నిద్రపోలేదు.

వీడియోను ఒకచోట ఆపి స్క్రీన్‌షాట్ తీసి, ఫొటోతో వెతికే గూగుల్ లెన్స్‌లో వెతకండి. అదే దృశ్యం పాత వార్తల్లో ఉంటే చాలాసార్లు తేదీతో సహా బయటపడుతుంది. వాట్సాప్‌లో మెసేజ్ పైన రెండు బాణాల గుర్తు ఉంటే, అది కనీసం ఐదు చేతులు మారి వచ్చిందని అర్థం. అలాంటిదైతే నేను అసలు ముందుకు పంపను.

వాన హెచ్చరికలకు హైదరాబాద్ వాతావరణ కేంద్రం వెబ్‌సైటే చూడండి, అక్కడ జిల్లాల వారీగా రంగులు ఉంటాయి. ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండాలి, రెడ్ అంటే వెంటనే జాగ్రత్తపడాలి. తెలంగాణ ప్రభుత్వానికి సొంత ఫ్యాక్ట్‌చెక్ (వార్త నిజమో కాదో తేల్చే) వెబ్‌సైట్ కూడా ఉంది. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లలో ఈ రెండూ మీరే సేవ్ చేసి, ఒకసారి పక్కన కూర్చుని తెరిచి చూపించండి.