టెక్సాస్ హైస్కూల్లో ఆటలు, బ్యాండు, పోటీలు: కొత్తగా వచ్చిన కుటుంబాలకు అర్హత నియమాల వివరాలు

ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్, కేటీ లాంటి ఊళ్లలో దిగిన తెలుగు కుటుంబాలు పిల్లల్ని హైస్కూల్లో చేర్చేటప్పుడు కోర్సుల గురించి, ర్యాంకు గురించి ఎంతో ఆరా తీస్తాయి. అదే టెన్నిస్ జట్టుకో, ఆర్కెస్ట్రాకో, మ్యాథ్ టీముకో పేరు ఇచ్చేటప్పుడు వచ్చే కాగితాల మీద మాత్రం చదవకుండానే సంతకాలు అయిపోతాయి. పిల్లలు పోటీకి దూరమయ్యేది ఎక్కువగా అక్కడే. మార్కు తగ్గడం ఒక కారణమైతే, ఆ మార్కు ఏ రోజున చూస్తారో ఇంట్లో ఎవరికీ తెలియకపోవడం అంతకంటే పెద్ద కారణం. గడువు తేదీకి ముందైతే దాదాపు అన్నీ సర్దుకోవచ్చు. ఆ తేదీ దాటాక టీచరుకు గానీ కోచ్‌కు గానీ చేయగలిగింది చాలా తక్కువ.

నియమాలు పెట్టేది ఎవరు

పబ్లిక్ స్కూల్లో మూడు అంచెల నియమాలు ఒకేసారి వర్తిస్తాయి. మొదటిది రాష్ట్ర చట్టం. 1984లో గవర్నర్ మార్క్ వైట్ హయాంలో, వ్యాపారవేత్త రాస్ పెరో అధ్యక్షతన పనిచేసిన కమిటీ సూచనల మీద హౌస్ బిల్లు 72 వచ్చింది. అందరూ ‘నో పాస్, నో ప్లే’ అనే నిబంధన పుట్టింది అందులోంచే. దాన్ని కోర్టులో సవాలు చేస్తే, పాఠ్యేతర పోటీల్లో పాల్గొనడం ప్రాథమిక హక్కు కిందికి రాదని 1985లో టెక్సాస్ సుప్రీంకోర్టు తేల్చింది. మొదట్లో ఫెయిలైతే ఆరు వారాలు పక్కన కూర్చోవాల్సి వచ్చేది. 1995లో దాన్ని మూడు వారాలకు తగ్గించారు.

రెండో అంచె యూఐఎల్, అంటే యూనివర్సిటీ ఇంటర్‌స్కొలాస్టిక్ లీగ్. ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్ ఆధ్వర్యంలో 1910 నుంచి నడుస్తోంది. ఫుట్‌బాల్, టెన్నిస్‌లతో పాటు బ్యాండ్, క్వయర్, డిబేట్, నంబర్ సెన్స్, కాలిక్యులేటర్, స్పెల్లింగ్ పోటీలు కూడా దీని కిందే జరుగుతాయి. ‘మావాడు ఆటలాడడు, మ్యాథ్ పోటీలకే వెళ్తాడు, ఈ గొడవ మాకెందుకు’ అనుకోవద్దు. 70 మార్కుల నియమం అతనికీ ఉంది.

మూడోది మీ స్కూల్ డిస్ట్రిక్టు (మీ ప్రాంతంలోని పబ్లిక్ స్కూళ్లను నడిపే సంస్థ), ఆ జట్టు కోచ్ పెట్టుకున్న ప్రవర్తన నియమాలు. ఇవి ఊరికో రకంగా ఉంటాయి. రాష్ట్రం చెప్పినదానికంటే కఠినంగా ఉండొచ్చు, మెత్తగా మాత్రం ఉండకూడదు.

70 మార్కులు, ఆ క్యాలెండరు

ఇక్కడ పాస్ మార్కు 70. సగటు చూడరు. ఏడు సబ్జెక్టుల్లో 95 వచ్చి ఒక్కదాంట్లో 69 వచ్చినా అర్హత పోతుంది. ఎప్పుడు చూస్తారన్నది మాత్రం ఓపిగ్గా అర్థం చేసుకోవాలి.

స్కూలు మొదలైన తొలి ఆరు వారాలు పూర్తికాగానే అందరి మార్కులూ చూస్తారు. మీ డిస్ట్రిక్టులో తొమ్మిది వారాలకోసారి రిపోర్టు కార్డు ఇచ్చినా సరే, ఈ మొదటి పరిశీలన ఆరో వారంలోనే. రిపోర్టు కార్డుకు ఇంకా మూడు వారాలుంది కదా అని నిశ్చింతగా ఉండే కుటుంబాలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఆ తర్వాత ప్రతి గ్రేడింగ్ పీరియడ్ (రిపోర్టు కార్డుకు లెక్కపెట్టే వారాలు) చివర అందరినీ చూస్తారు.

ఫెయిలైన రోజునే పక్కన పెట్టరు. ఏడు క్యాలెండరు రోజుల గ్రేస్ పీరియడ్ ఉంటుంది. పీరియడ్ శుక్రవారం ముగిసిందనుకోండి. వచ్చే గురువారం మ్యాచ్ ఆడొచ్చు. ఆ మరుసటి శుక్రవారం స్కూలు బెల్లు కొట్టగానే అర్హత పోతుంది, కాబట్టి ఆ రాత్రి మ్యాచ్‌కు దిగకూడదు. మూడు స్కూలు వారాల తర్వాత మళ్లీ చూస్తారు. అప్పటికి అన్ని సబ్జెక్టుల్లో 70 గానీ అంతకు పైన గానీ ఉంటే మరో ఏడు రోజులకు అర్హత తిరిగి వస్తుంది. ఫెయిలైన సబ్జెక్టు ఒక్కటి బాగుపడితే చాలదు. ఆ మూడు వారాల్లో వేరేది జారితే మళ్లీ మూడు వారాలు.

తొమ్మిది వారాల డిస్ట్రిక్టులో లెక్క ఇలా నడుస్తుంది. ఆరో వారం చివర ఫెయిలైతే ఏడో వారం చివర ఆట ఆగుతుంది. తొమ్మిదో వారం చివర అన్నీ పాసైతే పదో వారం చివర మళ్లీ మొదలవుతుంది. ఆ తర్వాత అర్హత ఉన్నవాళ్లను పద్దెనిమిదో వారం వరకు చూడరు. మధ్యలో వచ్చే ప్రోగ్రెస్ రిపోర్టులో 66 కనబడినా అర్హత పోదు, అది హెచ్చరిక మాత్రమే. అర్హత పోయినవాళ్లకు మాత్రం ప్రతి మూడు వారాలకూ పరిశీలన ఉంటుంది.

అర్హత లేని కాలంలో ప్రాక్టీసుకు వెళ్లొచ్చు. పోటీలో దిగడం, ప్రదర్శన ఇవ్వడమే కుదరదు. ప్రాక్టీసు మానిపించి ఇంట్లో కూర్చోబెట్టడం వల్ల లాభం కన్నా నష్టమే ఎక్కువ. జట్టుతో సంబంధం తెగిన పిల్లలకు చదువు మీద కూడా ఆసక్తి సడలుతుంది. క్రిస్మస్ సెలవుల్లాంటివి, అంటే పూర్తి వారం లేదా అంతకు మించిన స్కూలు సెలవులు వస్తే ఆ రోజుల్లో అందరికీ అర్హత ఉన్నట్టే, క్లాసులు మళ్లీ మొదలయ్యేదాకా. డిసెంబరు చివరి టోర్నమెంటు విషయంలో ఇది గుర్తుంచుకోండి.

పీరియడ్ ముగిశాక ఎక్స్‌ట్రా క్రెడిట్ చేసి 69ని 70 చేయించుకోవడం అర్హత కోసం చెల్లదు. టీచరు లెక్కలో నిజంగా పొరపాటు ఉంటే సరిదిద్దుతారు, అంతే. అందుకే ఆరో వారానికి పది రోజుల ముందు మార్కులు కనబడే ఆన్‌లైన్ సైటు, అంటే స్కైవర్డ్ లేదా హోమ్ యాక్సెస్ సెంటర్ తెరిచి, సున్నా పడిన పనులు ఏవో చూడండి. 70 కింద ఉన్న మార్కుల్లో చాలావాటికి కారణం పాఠం రాకపోవడం కాదు, చేసిన హోంవర్కు అప్‌లోడ్ చేయకపోవడం, తప్పిపోయిన టెస్టు తర్వాతైనా రాయకపోవడం. వాటిని పీరియడ్ లోపల తేల్చుకోవచ్చు. సబ్జెక్టు వదిలేసి తప్పించుకుందామన్నా, మార్పుల గడువు దాటాక 70 కన్నా తక్కువతో వదిలితే అది ఫెయిలైనట్టే లెక్క.

ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్), ఐబీ (ఇంటర్నేషనల్ బకలారియెట్) కోర్సులకు, కాలేజీ క్రెడిట్ కూడా ఇచ్చే డ్యూయల్ క్రెడిట్ కోర్సులకు మినహాయింపు ఉంది. ఏపీ, ఐబీ కోర్సు ఏదైనా సరే, డ్యూయల్ క్రెడిట్ అయితే ఇంగ్లీషు, గణితం, సైన్సు, సోషల్, ఎకనామిక్స్, ఇతర భాషల్లో ఫెయిలైనా అర్హత పోదు. డిస్ట్రిక్టు బోర్డు మరికొన్ని ఆనర్స్ కోర్సుల్ని కలపొచ్చు. ఆ జాబితా డిస్ట్రిక్టు హ్యాండ్‌బుక్కులో ఉంటుంది. ‘అడ్వాన్స్‌డ్’ అని పేరున్న ప్రతి క్లాసుకూ మినహాయింపు ఉంటుందనుకోవద్దు. బ్యాండు, ఆర్కెస్ట్రా, క్వయర్ పిల్లలకు మరో వెసులుబాటు: యూఐఎల్ కాన్సర్ట్ అండ్ సైట్ రీడింగ్ ఎవాల్యుయేషన్‌లో (సాధన చేసిన సంగీతాన్ని, అప్పటికప్పుడు ఇచ్చిన దాన్ని వినిపించే పరీక్ష) అర్హత లేనివారు కూడా తమ బృందంతో కలిసి వాయించవచ్చు, పాడవచ్చు.

ఇండియా నుంచి వచ్చిన పిల్లల కాగితాలు

ఏడాదిలో మొదటి ఆరు వారాలకు కొత్త మార్కులు ఉండవు కాబట్టి క్రెడిట్లు, అంటే పాసైన కోర్సులకు జమయ్యే యూనిట్లు, చూస్తారు. హైస్కూలు రెండో ఏడాదికి 5, మూడో ఏడాదికి 10, నాలుగో ఏడాదికి 15 క్రెడిట్లు ఉండాలి. మూడో, నాలుగో ఏడాది వారికి గత 12 నెలల్లో 5 క్రెడిట్లు సంపాదించినా సరిపోతుంది. తొమ్మిదో తరగతి వారికి ఎనిమిది నుంచి ప్రమోట్ అయితే చాలు. బయటి నుంచి వచ్చినవారు పాత స్కూల్లోనే కొనసాగి ఉంటే అర్హత ఉండేదని ఇక్కడి అధికారులు తేల్చుకోగలిగినా ఒప్పుకుంటారు. అందుకే మీ కాగితాలు స్పష్టంగా ఉండాలి.

ఎనిమిది నుంచి చదివిన ప్రతి తరగతి ప్రోగ్రెస్ కార్డు, పదో తరగతి మార్కుల మెమో, టీసీ, స్టడీ సర్టిఫికెట్ తెచ్చుకోండి. తెలుగులో ఉన్నవాటికి ఇంగ్లీషు అనువాదం జతచేయండి. అన్నిటికన్నా ముఖ్యం, బోర్డు గ్రేడింగ్ స్కేలు. మన ఎస్‌ఎస్‌సీలో పాస్ మార్కు 35. ఇక్కడి ఉద్యోగికి 58 కనబడితే ఫెయిల్ అనిపిస్తుంది. స్కేలు కాగితం పక్కన పెడితే ఆ అపార్థం రాదు. స్కూలు రికార్డులు చూసే రిజిస్ట్రార్ క్రెడిట్లు లెక్కగట్టడానికి వారాలు పడుతుంది, కాబట్టి ఆగస్టు దాకా ఆగకుండా చేరిన రోజే ఇచ్చేయండి.

పుట్టిన తేదీ పాస్‌పోర్టులో, బర్త్ సర్టిఫికెట్‌లో, టీసీలో ఒకటే ఉండాలి. ఆటల్లో ఆ విద్యా సంవత్సరం సెప్టెంబరు 1 నాటికి 19 నిండకూడదు.

తల్లిదండ్రులకు బొత్తిగా తెలియనిది నాలుగేళ్ల నిబంధన. తొమ్మిదో తరగతిలో మొదటిసారి చేరినప్పటి నుంచి నాలుగేళ్లే వర్సిటీ (స్కూలు ప్రధాన జట్టు) పోటీలకు అర్హత. ఆ తొమ్మిదో తరగతి గుంటూరులో చదివినా గడియారం అక్కడి నుంచే నడుస్తుంది. అక్కడ 2023 జూన్‌లో తొమ్మిదిలో చేరి, పది పూర్తిచేసి, 2025 ఆగస్టులో ఇక్కడికి వచ్చిన పిల్లను ‘అలవాటు పడుతుంది’ అని మళ్లీ పదిలో వేస్తే, పన్నెండో తరగతికి వచ్చేసరికి నాలుగేళ్లు దాటిపోతాయి. చివరి ఏడాది వర్సిటీ ఆట ఉండదు. ఒక తరగతి వెనక్కి వేయడం చదువుకు మంచిదే కావచ్చు, ఆ నిర్ణయానికి ఉన్న ఈ ఖరీదు మాత్రం తెలుసుకుని తీసుకోండి. తప్పనిసరి పరిస్థితుల్లో యూఐఎల్‌కు వేవర్ (మినహాయింపు) కోసం అర్జీ పెట్టవచ్చు. స్కూలు ద్వారానే పెట్టాలి.

మధ్యలో చేరినవారు పోటీకి ముందు కనీసం 15 క్యాలెండరు రోజులు ఆ స్కూల్లో ఉండాలి. వర్సిటీ ఆటలకు నివాస నియమం కూడా ఉంది: తల్లిదండ్రులు ఆ స్కూలు పరిధిలో నిజంగా కాపురం ఉండాలి. అమ్మానాన్న ఇండియాలో ఉండి పిల్లవాడు పిన్ని ఇంట్లో ఉంటూ చదివితే, చదువుకు అడ్డు లేకపోయినా వర్సిటీ ఆటకు చట్టబద్ధ గార్డియన్‌షిప్, అదీ ఏడాది నాటిది, అడుగుతారు. మంచి జట్టు కోసం స్కూలు మారినట్టు తేలితే ఏడాది పాటు వర్సిటీ ఉండదు. కొత్తగా చేరినవారు నింపే ప్రీవియస్ అథ్లెటిక్ పార్టిసిపేషన్ ఫారంలో ఈ ప్రశ్న సూటిగానే ఉంటుంది. నిజమే రాయండి, తప్పుడు సమాచారం తర్వాత బయటపడితే జట్టు గెలిచిన మ్యాచ్‌లు కూడా పోతాయి.

ఆరోగ్య పరీక్షకు యూఐఎల్ ఫారమే కావాలి. ఇండియా నుంచి బయల్దేరేముందు మన ఊరి డాక్టరుతో లెటర్‌హెడ్ మీద రాయించుకున్న ఫిట్‌నెస్ సర్టిఫికెట్ చెల్లదు. హైస్కూల్లో మొదటి, మూడో ఏడాది ఆడేముందు రాష్ట్రం తప్పనిసరి చేసింది, చాలా డిస్ట్రిక్టులు ఏటా అడుగుతాయి. తలకు దెబ్బ తగిలి కంకషన్ (మెదడు అదిరిన గాయం) అనుమానం వస్తే ఆ రోజు మళ్లీ ఆడనివ్వరు. డాక్టరు రాతపూర్వక అనుమతి, మీ సంతకం లేనిదే తిరిగి దించరు. ఆ అనుమతి ఇచ్చే అధికారం కోచ్‌కు లేదు. పిల్లవాడు ‘బాగానే ఉంది’ అన్నా మీరు తొందరపడకండి.

ఊరెళ్లేటప్పుడు

సంక్రాంతికో, పెళ్లికో స్కూలు నడుస్తుండగా మూడు వారాలు వెళ్తే అది 15 క్లాసు రోజులు. క్రెడిట్ రావాలంటే క్లాసులు జరిగిన రోజుల్లో 90 శాతం హాజరు కావాలని రాష్ట్ర చట్టం. సుమారు 85 రోజుల సెమిస్టరులో 8 రోజులు దాటితేనే ఇబ్బంది మొదలు. పైగా పని మిగిలిపోతే ఆ సబ్జెక్టులో ‘ఇన్‌కంప్లీట్’ పడుతుంది. గ్రేస్ పీరియడ్ దాటాక అది పాస్ మార్కుగా మారేదాకా అర్హత ఉండదు. టికెట్లు కొనేముందే ప్రతి టీచరుకూ ఈమెయిలు రాసి, ఏ పని ఏ తేదీకి ఇవ్వాలో జవాబు తెప్పించుకోండి. వరుసగా చాలా రోజులు రాకపోతే కొన్ని స్కూళ్లు పేరు తీసేస్తాయి, మళ్లీ చేరితే 15 రోజుల నియమం తిరిగి తలెత్తుతుంది.

ప్రవర్తన

మార్కుల సస్పెన్షన్ మూడు వారాలకు ముగుస్తుంది. ప్రవర్తనది సీజనంతా ఉండొచ్చు. వేప్ (ఎలక్ట్రానిక్ సిగరెట్), మద్యం, మాదకద్రవ్యాలు, కొట్లాట కారణంగా పిల్లవాడిని ఆల్టర్నేటివ్ స్కూలుకు (క్రమశిక్షణ చర్యగా పంపే వేరే స్కూలు) పంపితే, ఆ కాలమంతా ఏ పోటీకీ వెళ్లకూడదు, చూడ్డానికి కూడా. స్కూలు బయట, శనివారం రాత్రి స్నేహితుల ఇంట్లో జరిగినదానికీ చాలా జట్ల ఒప్పందాలు వర్తిస్తాయి. గ్రూప్ చాట్‌లో పెట్టిన మాటలు, ఫోటోలు కూడా అంతే.

ర్యాగింగ్‌ను ఇక్కడ హేజింగ్ అంటారు. సీనియర్లు సరదాగా చేశామన్నా, జూనియర్ ఒప్పుకున్నా నేరమే. తెలిసీ చెప్పకపోవడం కూడా నేరమే. మీ పిల్లలకు ఈ చివరి వాక్యం విడిగా చెప్పండి. స్నేహితుణ్ణి పట్టివ్వకూడదన్న అభిమానంతో నోరుమూసుకున్న పిల్లలే అన్యాయంగా ఇరుక్కుంటారు.

డబ్బు బహుమతుల దగ్గర కూడా జాగ్రత్త. తొమ్మిది నుంచి పన్నెండు వరకు యూఐఎల్ ఆటల్లో, ఉదాహరణకు టెన్నిస్ టోర్నమెంటులో, నగదు తీసుకుంటే ఆ ఆటలో అర్హత పోతుంది. క్రికెట్, బ్యాడ్మింటన్ యూఐఎల్ ఆటల్లో లేవు.

ప్రాక్టీసు చదువును మింగేస్తోందనిపిస్తే ఎనిమిది గంటల నియమం గుర్తు చేయండి. స్కూలు వేళలు కాకుండా, సోమవారం నుంచి శుక్రవారం దాకా ఒక్కో యాక్టివిటీకి వారానికి ఎనిమిది గంటలే ప్రాక్టీసు పెట్టాలి. మ్యాచ్ సమయం ఇందులో కలవదు. రెండు యాక్టివిటీల్లో ఉన్నవారికి రెండు ఎనిమిదులు అవుతాయి.

ఆడే సమయం తక్కువ ఇచ్చారని మ్యాచ్ అవగానే కోచ్ దగ్గరికి వెళ్లకండి. చాలా జట్లలో 24 గంటలు ఆగమంటారు. మొదట పిల్లవాడే మాట్లాడాలి, తర్వాత మీరు కోచ్‌తో, ఆపైన క్యాంపస్ అథ్లెటిక్ కోఆర్డినేటర్‌తో, చివరికి డిస్ట్రిక్ట్ అథ్లెటిక్ డైరెక్టర్‌తో. ఇల్లు మారడం, గార్డియన్ మార్పు, తరగతి వెనక్కి వేయడం లాంటివైతే ఆ క్రమం వదిలేసి నేరుగా అథ్లెటిక్ డైరెక్టర్‌కే ఈమెయిలు రాయండి, లీజు మీద సంతకం పెట్టేముందే.