బుట్టలు అల్లేవారికి పీఎం విశ్వకర్మ: ఓరుగల్లు వైపు దరఖాస్తు ఎలా?

వెదురు బద్దలతో చాటలు, గంపలు, బతుకమ్మ పేర్చే సిబ్బిలు అల్లేవారు, ఈతాకుతో చాపలు, చీపుర్లు కట్టేవారు, వావిలి బరిగెలతో పెండ గంపలు అల్లి సంతలో అమ్ముకునేవారు అందరూ, చేతివృత్తులవారికి శిక్షణ, పనిముట్లు, రుణం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ పథకం పీఎం విశ్వకర్మకు దరఖాస్తు చేసుకోవచ్చు. పథకంలోని 18 వృత్తుల్లో బుట్టలు, చాపలు, చీపుర్లు తయారుచేసేవారిదీ, కొబ్బరిపీచు నేసేవారిదీ కలిపి ఒక వృత్తి. మేదరి, ఎరుకల, కోయ అని కులం చూడరు. సొంతంగా చేతిపని చేసుకుంటూ బతుకుతుంటే చాలు. 2023 సెప్టెంబర్ 17న మొదలైన ఈ పథకం 2027–28 వరకు నడుస్తుంది.

నమోదు రోజుకు వయసు 18 నిండాలి. ఇంటికి ఒక్కరికే అవకాశం. ఇక్కడ ఇల్లంటే భార్య, భర్త, పెళ్లికాని పిల్లలు. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి ఉంటే కుదరదు. ఆయన బొంగు చీలుస్తాడు, ఆమె అల్లుతుంది, మరి ఎవరి పేరు పెట్టాలి? శిక్షణకు రోజూ వెళ్లి కూర్చోగలిగినవారి పేరే పెట్టండి. చాలా ఇళ్లలో అలవాటుగా మగవాళ్ల పేరే రాస్తారు గానీ, అల్లిక ఆమెదైతే పథకం గుర్తింపు కార్డు కూడా ఆమె పేరుతో ఉండటమే న్యాయం.

పాత అప్పుల సంగతి ముందే చూసుకోవాలి. గత ఐదేళ్లలో పీఎంఈజీపీ (ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం) లాంటి పథకాల కింద వ్యాపార రుణం తీసుకున్నవారు అర్హులు కారు. చిన్న వ్యాపారాలకు ఇచ్చే ముద్ర, వీధి వ్యాపారులకు ఇచ్చే స్వనిధి రుణాలకు మాత్రం సడలింపు ఉంది. పూర్తిగా కట్టేసి ఉంటే దరఖాస్తు చేసుకోవచ్చు. రోడ్డు పక్కన బుట్టలు పెట్టుకుని అమ్మేవారిలో స్వనిధి రుణం తీసుకున్నవారు ఉంటారు కాబట్టి, బాకీ ఏమైనా మిగిలిందా అని ముందుగా బ్యాంకులో కనుక్కోండి.

నమోదు సీఎస్సీ (కామన్ సర్వీస్ సెంటర్)లోనే చేస్తారు. మీసేవ వేరు, సీఎస్సీ వేరు. ఒకే దుకాణంలో రెండూ నడిపేవారు కూడా ఉంటారు, అడిగి కూర్చోండి. ఆధార్, దానికి జోడించిన ఫోన్, బ్యాంకు పాస్‌బుక్, రేషన్ కార్డు తీసుకెళ్లాలి. రేషన్ కార్డు లేకపోతే ఇంట్లో అందరి ఆధార్ కార్డులూ కావాలి. నమోదుకు రూపాయి కూడా కట్టనక్కర్లేదు. ఆ ఖర్చు ప్రభుత్వానిదే.

ఈ పనివాళ్లు చిక్కుకునేది వేలిముద్రల దగ్గర. వెదురు బద్ద అంచు కత్తి లెక్క ఉంటుంది. ఏళ్ల తరబడి బొటనవేలికి, చూపుడువేలికి మధ్య బద్దను లాగి లాగి చర్మం మొద్దుబారుతుంది, గీతలు అరిగిపోతాయి. ఫోనుకు ఓటీపీ వచ్చినా, మిషన్ మీద వేలు పెడితే ‘సరిపోలలేదు’ అంటుంది. అందుకని నాలుగైదు రోజుల ముందు నుంచి బద్దలు చీల్చే పని ఆపి, రాత్రిళ్లు చేతులకు కొబ్బరినూనె రాసుకోండి. వెళ్లే రోజు మాత్రం సబ్బుతో కడిగి, పొడిగా తుడుచుకునే వెళ్లాలి. జిడ్డు ఉన్నా ముద్ర పడదు. చిటికెనవేలు, ఉంగరపువేలు అంతగా అరగవు, వాటితో ప్రయత్నించమనండి. అయినా పడకపోతే ముందు ఆధార్ కేంద్రానికి వెళ్లి బయోమెట్రిక్ అప్‌డేట్ చేయించుకుని, తర్వాతే సీఎస్సీకి రండి.

ఫారం నింపేటప్పుడు ఆపరేటర్ పక్కనే కూర్చుని తెర చూడండి. వృత్తి దగ్గర వడ్రంగి అనో ఇంకోటనో నొక్కితే శిక్షణ, పనిముట్ల కిట్టు కూడా ఆ వృత్తివే వస్తాయి. జిల్లా పేరు కూడా చూసుకోవాలి. 2016కు ముందు తీసుకున్న ఆధార్‌లో ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వాళ్లలో చాలామందికి వరంగల్ అనే ఉంటుంది. వరంగల్ అర్బన్ 2021లో హనుమకొండ జిల్లా అయింది. ఇప్పటి జిల్లా, మండలం, పంచాయతీ సరిగ్గా పడ్డాయో లేదో చూసి, దరఖాస్తు నంబరు రాయించుకోండి.

పరిశీలన మూడు అంచెల్లో జరుగుతుంది. ఊళ్లో అయితే గ్రామ పంచాయతీ, కాజీపేట, హనుమకొండ లాంటి చోట్ల గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్, మీరు నిజంగా ఈ పని చేస్తున్నారా అని చూస్తుంది. తర్వాత కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీ, ఆపైన స్క్రీనింగ్ కమిటీ. ఆలస్యమయ్యేది మొదటి అంచెలో కాబట్టి, దరఖాస్తు నంబరు పట్టుకుని పంచాయతీ కార్యదర్శిని మీరే కలవడం మంచిది. సొంతూరు ఒకచోట, బుట్టలు అల్లేది పట్నంలో రోడ్డు పక్కన అయితే ఏ చిరునామా ఇవ్వాలో ముందే తేల్చుకోండి.

ఆమోదం వచ్చాక సర్టిఫికెట్, గుర్తింపు కార్డు ఇస్తారు. ఆపైన 5 నుంచి 7 రోజుల ప్రాథమిక శిక్షణ, రోజుకు ₹500 భృతి. పనిముట్లకు ₹15,000 వరకు ఇస్తారు గానీ అది ఈ–వోచర్, చేతికి నగదు రాదు. రుణం కావాలంటే ఈ శిక్షణ పూర్తిచేయాలి. మొదటి విడత ₹1 లక్ష వరకు, 18 నెలల్లో తీర్చాలి. అది సక్రమంగా కట్టి, డిజిటల్ చెల్లింపులు వాడినా, పైస్థాయి శిక్షణ పొందినా రెండో విడత ₹2 లక్షల వరకు, 30 నెలల గడువుతో ఇస్తారు. వడ్డీ 5 శాతం, తాకట్టు అక్కర్లేదు. ఎంతవరకు ఇస్తారో అంతా తీసుకోవాలని లేదు. సంవత్సరానికి ఎంత బొంగు కొంటారో లెక్కేసుకుని అంతే అడగడం మేలు.

ముడిసరుకు సంగతి వేరు. విశ్వకర్మ కార్డు చూపించి అడవిలో వెదురు కొట్టుకోలేరు. పట్టా భూమిలో పెంచిన వెదురును 2017 అటవీ చట్ట సవరణతో చెట్ల జాబితా నుంచి తీసేశారు. అడవిలోని వెదురు 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం చిన్నతరహా అటవీ ఉత్పత్తి. ఆ హక్కు గుర్తించిన గిరిజన, అటవీ గ్రామాలవారు సేకరించుకోవచ్చు, మిగతావారు అటవీ శాఖను అడగాలి. ఏటూరునాగారం, పాకాల అభయారణ్యాల్లో అనుమతి లేకుండా కొడితే కేసవుతుంది.

దరఖాస్తు ఎక్కడ ఆగిందో పీఎం విశ్వకర్మ పోర్టల్‌లో ఫోన్ నంబరుతో చూసుకోవచ్చు, టోల్‌ఫ్రీ 1800 267 7777కు ఫోన్ చేసి కూడా అడగొచ్చు. హస్తకళల అభివృద్ధి కమిషనర్ ఇచ్చే ‘పహచాన్’ కార్డు దీనికి బదులు కాదు, మేళాల్లో స్టాల్ కావాలనుకునేవారు దానికి విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి.