వరంగల్ మిద్దె తోటలో స్ట్రాబెర్రీ: మట్టి లేని నారును బతికించుకోవడం ఎలా?

స్ట్రాబెర్రీ నారు కొరియర్‌లో తెప్పించుకున్నవాళ్లు డబ్బా విప్పగానే దిగులు పడతారు. తడి కాగితంలో చుట్టిన గోధుమరంగు వేళ్ల కట్ట, పైన రెండు మూడు వాడిన ఆకులు తప్ప అందులో ఏమీ ఉండదు. ఇలా మట్టి దులిపేసి వేళ్లతో పంపే నారును బేర్ రూట్ అంటారు. చూడ్డానికి ప్రాణం లేనట్టుంటుంది గానీ, సరిగ్గా నాటితే పది రోజుల్లో చిగురేస్తుంది.

ముందు ఒక సంగతి మనసులో పెట్టుకోండి. మన దేశంలో స్ట్రాబెర్రీకి పేరున్న ఊరు మహారాష్ట్రలోని మహాబలేశ్వరం. వరంగల్, మహాబలేశ్వరం రెండూ దాదాపు 18 డిగ్రీల అక్షాంశం మీదే ఉన్నాయి. కాబట్టి చలికాలంలో పగటి పొద్దు అక్కడెంతో ఇక్కడా అంతే. తేడా అంతా ఎత్తులోనే. అది సుమారు 1,350 మీటర్ల ఎత్తున్న కొండ, మనం 300 మీటర్ల లోపు ఉన్నాం. వింటర్ డాన్, స్వీట్ చార్లీ, కామరోసా లాంటి రకాలు పొద్దు తగ్గి, వాతావరణం చల్లబడితేనే పూతకొస్తాయి. పొద్దు తగ్గడం మనకూ ఉంది, చల్లదనం మాత్రం మూడు నాలుగు నెలలే. అందుకే ఇక్కడ స్ట్రాబెర్రీని ఒక్క చలికాలం పంటగానే చూడాలి. ఏళ్ల తరబడి ఉంచుకుందామనుకుంటే నిరాశే మిగులుతుంది.

ఎప్పుడు నాటాలి?

దసరా వెళ్లి, వానలు తెరిపిచ్చాక. అంటే అక్టోబర్ రెండో వారం నుంచి నవంబర్ మొదటి వారం దాకా. నేను హనుమకొండలో మొదటి ఏడాది తొందరపడి సెప్టెంబర్ మొదట్లోనే 12 మొక్కలు నాటాను. పగలు ఉక్క, రాత్రి వాన. తొమ్మిది కుళ్లిపోయాయి. మరుసటి ఏడు అక్టోబర్ చివర్లో అదే కుండీల్లో, కొత్త మట్టిలో నాటితే ఒక్కటే పోయింది. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు రాత్రులు ఇంకా చల్లగా ఉంటాయి కాబట్టి అక్కడివాళ్లకు కాపు కాలం కొంచెం ఎక్కువే దొరుకుతుంది.

నారు రాకముందే మట్టి సిద్ధం చేయండి

స్ట్రాబెర్రీకి కొంచెం పులుపు గుణం ఉన్న మట్టి కావాలి. పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య ఉంటే మంచిది. నల్లరేగడి పనికిరాదు. నీరు పట్టి ఉంచుతుంది, పైగా సున్నం ఎక్కువ. ఎర్ర చల్కా మట్టి రెండు పాళ్లు, వర్మీ కంపోస్ట్ ఒక పాలు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) ఒక పాలు, కొంచెం ఇసుక కలపండి. కోకోపీట్‌లో ఉప్పు ఉంటుంది, ముందు రెండుసార్లు మంచినీళ్లలో కడిగి పిండండి. పచ్చి పేడ వేయొద్దు. పొయ్యి బూడిద చల్లే అలవాటు మనలో చాలామందికి ఉంది, అది మట్టిలో పులుపును చంపుతుంది కాబట్టి ఈ మొక్కకు వద్దు.

ఇంకో జాగ్రత్త కూడా ఉంది. మిర్చి, టమాట, వంకాయ పెరిగిన మట్టిని మళ్లీ వాడకండి. ఆ పంటలకు వచ్చే వడలు తెగులు శిలీంధ్రం మట్టిలోనే ఏళ్లపాటు ఉండిపోయి స్ట్రాబెర్రీకీ అంటుకుంటుంది. మన వైపు మిర్చి మొక్క లేని పెరడు తక్కువ కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

ఒక మొక్కకు 10 అంగుళాల కుండీ చాలు. పొడుగు గ్రో బ్యాగ్ అయితే మొక్కకూ మొక్కకూ అడుగు దూరం ఉంచండి. మిద్దె మీద కుండీలను నేరుగా స్లాబ్ మీద పెట్టకుండా కింద ఇటుకలు పెట్టండి. స్లాబ్ వేడి వేళ్లకు తగలదు, నీళ్లూ సాఫీగా కారిపోతాయి.

నాటడం

డబ్బా వచ్చిన రోజే నాటడం మంచిది. వీలు కాకపోతే తడి కాగితంలో చుట్టి ఫ్రిజ్‌లో కూరగాయల అరలో రెండు మూడు రోజులు ఉంచొచ్చు. డీప్ ఫ్రీజర్‌లో మాత్రం పెట్టొద్దు.

ఒక్కో మొక్కనూ చేతిలోకి తీసుకుని చూడండి. వేళ్లకూ ఆకులకూ మధ్య గట్టిగా ఉండే లావుపాటి భాగమే మొక్క మొదలు. దాని నడినెత్తిన ఆకులు పుట్టుకొచ్చే చోటు మొవ్వు. మొదలు నొక్కితే గట్టిగా ఉండాలి. మెత్తగా ఉన్నా, వేళ్లు నల్లగా జిగురుగా ఉన్నా ఆ మొక్కను పారేయండి, మిగతావాటిని కాపాడుకున్నవారవుతారు. ఎండిన ఆకులు గిల్లేయండి. వేళ్లు మరీ పొడుగుంటే జానెడు కన్నా కొంచెం తక్కువ ఉండేలా కత్తెరతో కత్తిరించండి. తర్వాత అరగంట పాటు వేళ్లు మాత్రమే మునిగేలా నీళ్లలో ఉంచండి. రాత్రంతా నానబెట్టొద్దు.

ఇక అసలు పని. చాలా మొక్కలు పోయేది ఇక్కడే. గుంత తీసి, మధ్యలో చిన్న మట్టి దిబ్బ చేయండి. దాని మీద మొక్కను కూర్చోబెట్టి వేళ్లను చుట్టూ గొడుగులా పరచండి. వేళ్లను మడిచి కుక్కితే కొత్త పీచు వేళ్లు రావు. మట్టి నింపాక మొదలు సగం లోపల, సగం బయట ఉండాలి, మొవ్వు మట్టికి పైనే కనిపించాలి. మొవ్వు పూడితే కుళ్లుతుంది. మరీ పైకి ఉంటే వేళ్ల పైభాగం ఎండిపోతుంది. మట్టిని చేతివేళ్లతో గట్టిగా అదిమి, నిండుగా నీళ్లు పోయండి. నీళ్లకు మట్టి కుంగుతుంది కదా, అందుకే పది నిమిషాలాగి మొవ్వు ఎక్కడుందో మళ్లీ చూసి సరిచేయండి. ఈ రెండో చూపును చాలామంది మర్చిపోతారు.

మొదటి పది రోజులు

ఉదయం ఎండ పడి, మధ్యాహ్నం నీడ ఉండే చోట పెట్టండి. వేళ్లు ఇంకా మట్టిని పట్టుకోలేదు కాబట్టి పై మట్టి ఆరనివ్వకుండా పొద్దున, సాయంత్రం కొంచెం కొంచెం నీళ్లు పోయండి. పాత ఆకులు మాడిపోతాయి, టెన్షన్ పడొద్దు. మొవ్వు పచ్చగా ఉందా లేదా, అదొక్కటే చూడండి. కొత్త ఆకు విచ్చుకున్నాక మెల్లగా ఆరు గంటల ఎండకు అలవాటు చేయండి. ఎరువులు కూడా అప్పుడే మొదలుపెట్టాలి. పదిహేను రోజులకోసారి గుప్పెడు వర్మీ కంపోస్ట్, పూత మొదలయ్యాక వారానికోసారి లీటరు నీళ్లకు 2 గ్రాముల చొప్పున 13:0:45 (పొటాషియం నైట్రేట్ ఎరువు) సరిపోతాయి. నత్రజని ఎక్కువైతే ఆకులే గుబురవుతాయి, కాయ పట్టదు.

నీళ్ల సంగతి విడిగా చెప్పాలి. ఉప్పును స్ట్రాబెర్రీ అసలు ఓర్చుకోదు. మన బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగా, గట్టిగా ఉంటాయి. ఆకుల అంచులు మాడుతుంటే ముందు అనుమానించాల్సింది వాటినే. నల్లా నీళ్లు బకెట్‌లో పట్టి, ఒక రాత్రి ఉంచి పోయండి. ఆర్ఓ మిషన్ నుంచి వృథాగా వచ్చే నీళ్లలో ఉప్పు ఇంకా చిక్కగా ఉంటుంది, అవి వద్దే వద్దు. కొత్త ఆకులు ఈనెలు మాత్రం పచ్చగా ఉండి మిగతాది పసుపు రంగులోకి తిరిగితే అది ఇనుము లోపం. చిలేటెడ్ ఐరన్ (మొక్క తేలిగ్గా పీల్చుకునే రూపంలోని ఇనుము) పిచికారీ చేస్తే కోలుకుంటాయి.

పూత, కాయ

నాటిన నెలలోపు వచ్చిన పూలను గిల్లేయండి. చేతులు రావు, నాకు తెలుసు. కానీ ఆ బలం వేళ్లకు పోతేనే తర్వాత కాయ పెద్దదవుతుంది. తీగల్లా సాగే రన్నర్లనూ అలాగే కత్తిరించండి. మొక్కల కింద వరిగడ్డి పరిస్తే కాయ మట్టికి తగిలి కుళ్లదు, తేమ నిలుస్తుంది. గడ్డి మొవ్వు మీదికి రాకుండా చూడండి.

తేనెటీగలు రాని మిద్దెల మీద మెత్తటి పెయింట్ బ్రష్‌తో పువ్వు నడుమంతా గుండ్రంగా తిప్పండి. సరిగా పరాగం అందని కాయ వంకరగా, గట్టి ముద్దలా తయారవుతుంది. పువ్వు నుంచి పండుకు దాదాపు నెల పడుతుంది. నవంబర్ మొదట్లో నాటితే సంక్రాంతి తర్వాత తినొచ్చు. ఆకుల వెనక ఎర్రనల్లి, పేనుబంక కనిపిస్తే సాయంత్రం పూట లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు నీళ్లు కలిపి కొట్టండి. ఉడుతలకూ పిట్టలకూ వల చాలు. కోతులున్న వాడల్లో మాత్రం ఇనుప జాలీ తప్ప మరో దారి లేదు.

కోశాక స్ట్రాబెర్రీ మాగదు. అందుకే తొడిమ దాకా ఎర్రబడ్డాకే, పొద్దున్నే తొడిమతో సహా గిల్లండి.

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందంటారు కదా, ఆ వారంలోనే 50 శాతం షేడ్ నెట్ కట్టండి. మార్చి చివరిదాకా చిన్న కాయలు వస్తూనే ఉంటాయి. ఆ తర్వాత మొక్కలు వడలితే తీసేసి, ఆ మట్టిలో కొంచెం కంపోస్ట్ కలిపి గోంగూరో తోటకూరో వేసుకోండి. వచ్చే అక్టోబర్‌లో స్ట్రాబెర్రీకి మళ్లీ కొత్త మట్టే కలపండి.