జపనీస్ నేర్చుకుందాం – 7వ పాఠం: ఇచ్చింది ఎటువైపు?

గత పాఠంలోని తె-రూపం (మన 'వండి' లాగా, చివర 'తె' లేదా 'దె' వచ్చే క్రియారూపం) ఈరోజు అవసరమవుతుంది. మరిచిపోతే ఒకసారి చూసుకుని రండి.

తెలుగులో 'ఇచ్చాను' అనగానే ఇచ్చినది నేనని క్రియ చివరే తెలుస్తుంది. ఎవరికి ఇచ్చానో తెలియదు. జపనీస్ క్రియలకు ఇలాంటి ప్రత్యయాలు లేవు. కానీ ఇవ్వడానికి రెండు క్రియలున్నాయి. నా వైపు నుంచి అవతలికి వెళితే 'అగెరు', అవతలి నుంచి నా వైపు వస్తే 'కురెరు'.

తొమొదచి ని హొన్ ఒ అగెత. – స్నేహితుడికి పుస్తకం ఇచ్చాను.
తొమొదచి గ హొన్ ఒ కురెత. – స్నేహితుడు నాకు పుస్తకం ఇచ్చాడు.

రెండింట్లోనూ 'నేను' అనే మాట లేదు. రెండోదానికి 'వతషి ని' (నాకు) తగిలించాలని మనకు అనిపిస్తుంది. తప్పేమీ కాదు, కానీ 'కురెత'లోనే ఆ 'నాకు' ఉంది.

నా వైపు అంటే నేను ఒక్కణ్ణే కాదు. 'తనక-సన్ గ ఇమోతొ ని హొన్ ఒ కురెత' అంటే తనక గారు మా చెల్లికి పుస్తకం ఇచ్చారని. చెల్లి నా మనిషి, తనక గారు బయటివారు. ఈ లోపలిని 'ఉచి' అనీ, బయటిని 'సొతొ' అనీ అంటారు. మలయాళంలోనూ దీనికి దగ్గరి తేడా ఉంది: నాకో నీకో ఇస్తే 'తరుక', మూడో మనిషికి ఇస్తే 'కొడుక్కుక'.

మూడో క్రియ 'మొరౌ', పుచ్చుకోవడం. 'తొమొదచి ని హొన్ ఒ మొరత్త': స్నేహితుడి నుంచి పుస్తకం పుచ్చుకున్నాను. 'అగెత'తో 'కి' అయిన 'ని' ఇక్కడ 'నుంచి' అయింది. అందుకే చివరి క్రియ వినేదాకా అర్థం తేల్చుకోకండి.

ఇక నాకు ఎంతో ఇష్టమైన వాడుక. 'హహ గ త్సుకుత్త' అంటే అమ్మ వండింది, అంతే. 'హహ గ త్సుకుత్తె కురెత' అంటే అమ్మ నాకు వండిపెట్టింది. మన 'పెట్టు' లాగే 'కురెత' ఆ పనిలోని ఆప్యాయతను పట్టి ఇస్తుంది. సాయం పొందిన సంగతి చెబుతూ దీన్ని వదిలేస్తే మాట పొడిగా వినిపిస్తుంది. 'తె అగెరు'తో మాత్రం జాగ్రత్త. గురువుగారి సంచి మోస్తానంటూ 'మొత్తె అగెమషో క' అంటే, దయతలచి మోస్తున్నట్టు ఉంటుంది. 'ఒమొచి షిమషో క' అనండి.

అభ్యాసం: తమ్ముడు 'ఒతోతొ', గడియారం 'తొకే'. స్నేహితురాలు మా తమ్ముడికి గడియారం ఇచ్చింది. తమ్ముడు స్నేహితురాలికి గడియారం ఇచ్చాడు. ఈ రెండూ రాసి, మొదటిదాన్ని 'మొరౌ'తో తిరగరాయండి. జవాబులు 8వ పాఠంలో.