తాబేలు గుడ్లను హేచరీకి మార్చేటప్పుడు

శ్రీకాకుళం జిల్లా బారువ, కళింగపట్నం తీరాల్లో ఆలివ్ రిడ్లీ అనే సముద్రపు తాబేలు తల్లి నూరుకు పైగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి సముద్రంలోకి వెళ్లిపోతుంది. మళ్లీ తిరిగి చూడదు. అదే జిల్లా తేలినీలాపురానికి వచ్చే పెలికాన్ పక్షిది వేరే దారి: కొన్ని గుడ్లే, నెలల తరబడి మేత. పెంపకం లేని చోట సంఖ్యే రక్షణగా పరిణామం చెందింది.

ఈ గుడ్లను అటవీశాఖ అనుమతి ఉన్నవారే ముట్టుకోవాలి. సముద్రపు పోటు తగలని గూడైతే, కుక్కల బెడద లేకపోతే కదపనే వద్దు.

హేచరీకి (గుడ్లను కాపాడి పొదిగించే, కంచె వేసిన ఇసుక చోటుకు) మార్చక తప్పకపోతే తల్లి వెళ్లిన రెండు మూడు గంటల్లోపే మార్చండి. గుడ్డు పైవైపు పైకే ఉండాలి. కోడిగుడ్డులో పచ్చసొనను పట్టి ఉంచే తాళ్లు దీనిలో ఉండవు; కొన్ని గంటల్లోనే పిండం పెంకు లోపలి పొరకు అతుక్కుంటుంది. ఆ తర్వాత దొర్లిస్తే చనిపోతుంది. ఎక్కువ గుడ్లు పాడయ్యేది ఇక్కడే, ఎంతో బాధాకరం.

హేచరీలో గుడ్లు పెట్టే గుంత సుమారు 45 సెం.మీ. లోతు, కడవలా అడుగు వెడల్పుగా, మెడ సన్నగా ఉండాలి. గుంతల మధ్య మీటరు వదలండి. ముందు తడి ఇసుక, పైన పొడి ఇసుక. గట్టిగా అదమకండి, గాలి ఆడదు.

ఇసుక వేడే లింగాన్ని నిర్ణయిస్తుంది: చల్లనైతే మగవి, వేడైతే ఆడవి. మరీ వేడెక్కితే పిండాలే చస్తాయి, అందుకే మార్చి నెల ఎండలకు హేచరీలో కొంత భాగానికి నీడవల కట్టాలి.

45 నుంచి 60 రోజుల్లో పిల్లలు పైకి వస్తాయి. తొట్టిలో ఉంచకండి, ఈదే సత్తువ అక్కడే కరిగిపోతుంది. చీకట్లో, టార్చి లేకుండా, తడి ఇసుక మీద వదిలి వాటినే నడవనివ్వండి.